స్టీలు కొట్లో బూట్లు

మడమ నొప్పి వచ్చినవాళ్ళు నడక తగ్గించుకుంటారు. వీరవేణి పరుగు మొదలుపెట్టింది. ఆ కబురు విని రాజమహేంద్రవరం మెయిన్‌రోడ్డులో నవ్వని కొట్టు లేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది మాత్రం వీరవేణే.

నలభై అయిదేళ్ళ మనిషి. పొట్టిగా, బొద్దుగా, రెండు చేతులా గాజులతో గలగలలాడుతూ ఉంటుంది. భర్త సత్యప్రసాద్‌కు వాళ్ళ నాన్నగారు పెట్టిన స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు. మాట్లాడటానికి కూడా ముహూర్తం చూసుకునే రకం. బేరమంతా వీరవేణిదే. గుండిగలు, బిందెలు, కేరేజీలు, ఇడ్లీ పాత్రలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్న ఆ కొట్లో ఏ గిన్నె అడిగినా కళ్ళు మూసుకుని తీసి ఇస్తుంది. పెళ్ళి సామాను కొనడానికి వచ్చినవాళ్ళకు బిందె మీద వేలితో కొట్టి, “చూడండి ఎలా మోగుతోందో! మీ అమ్మాయి మనవలు కూడా ఇందులోనే నీళ్ళు పడతారు” అంటుంది. కొన్నవాళ్ళ పేర్లు మిషనుతో గిన్నెల మీద చెక్కేదీ ఆవిడే. కొట్టు తెరిచింది మొదలు కట్టేదాకా ఇదంతా నిలబడే చేస్తుంది.

“ఆ స్టూలు మీద కాసేపు కూర్చోరాదా?” అని సత్యప్రసాద్ అప్పుడప్పుడు అనేవాడు.

“నేను కూర్చుంటే కొనేవాళ్ళూ కూర్చుంటారండి. ఇంక లేవరు” అనేది.

నిలబడేది కూడా వట్టి కాళ్ళతోనే. లక్ష్మీదేవి ఉండే చోట చెప్పులేంటని మామగారు కొట్టు తెరిచిన నాడు పెట్టిన కట్టడి అది. ఆయన పోయాక ఆ కట్టడికి అత్తగారు పాపాయమ్మ కాపలా. వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా గడప బయట చెప్పులు విడవాల్సిందే. ఆమధ్య కొట్టు బాగుచేయించినప్పుడు కింద నల్ల గ్రానైటు పరిపించారు. మొహం చూసుకునేంత నున్నగా ఉంటుంది. మొహాల సంగతి ఎలా ఉన్నా, వీరవేణి మడమలు ఆ రాయి మీదే చెడ్డాయి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళేసరికి కాస్త సర్దుకునేది. సాయంత్రానికి మళ్ళీ అరికాళ్ళు భగ్గుమనేవి. పాపాయమ్మ ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, కోడలి చేత మడమ ఆనించేది. అప్పటికి హాయిగా ఉండేది. తెల్లవారితే మేకు మామూలే.

ఇలా ఉండగా మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పట్టిసీమ నుంచి బుల్లబ్బాయి అనే పెద్దాయన, ఆయన భార్య కూతురి సారె సామాను కొనడానికి వచ్చారు. ప్రతి గిన్నె మీదా సూర్యకళ అని పెళ్ళికూతురి పేరు చెక్కించుకుని, సామానంతా ఆటోలోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు కదిలాక చూస్తే గుండిగ వెనక ఒక గుడ్డ సంచి ఉంది. అందులో పెళ్ళికూతురి జాకెట్లు, అప్పుడే దర్జీ దగ్గర్నుంచి తెచ్చినవి. మర్నాడే ముహూర్తం.

“అయ్యో రామ!” అని సంచి పట్టుకుని వీరవేణి గడప దాటింది. చెప్పులు వేసుకోవాలని తోచలేదు. ఆటో ఎదురుగానే ట్రాఫిక్కులో ఆగి ఉంది. నడిచి అందుకోవచ్చనుకుంది. దగ్గరికి వెళ్ళేసరికి అది కదిలింది. కాస్త వడిగా నడిచింది. ఆటో ఇంకాస్త వడిగా పోయింది. వీరవేణికి పౌరుషం వచ్చింది. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపి పరుగందుకుంది.

బట్టల కొట్టు వాళ్ళు తానులు వదిలేసి గుమ్మంలోకి వచ్చారు. పూలమ్మే ఆవిడ, “ఏంటమ్మగారూ, దొంగా?” అని అరిచింది. కాదని చెబుదామంటే వీరవేణికి నవ్వొస్తోంది. ఎందుకొస్తోందో తెలియదు. గాజులు మోగుతున్నాయి, జడ వీపు మీద దభీ దభీమని కొడుతోంది, చెవుల్లో గాలి ఈల వేస్తోంది. ఎనిమిదో తరగతిలో ఓణీ వేశాక ఆగిపోయిన పరుగు అది. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆపుతున్నానని తనూ అనుకోలేదు, ఊరికే ఆగిపోయింది. ఇప్పుడు ఎండకు కాలిన తారురోడ్డు మీద వట్టి కాళ్ళతో పరిగెడుతుంటే, ఇన్నాళ్ళూ ఒంట్లో ఎక్కడో ముడుచుకుని కూర్చున్న పిల్ల ఎవరో లేచి గంతులు వేస్తున్నట్టుంది.

మలుపులో ఆటో మళ్ళీ ఆగినప్పుడు వెనక కమ్మీ పట్టుకుంది.

బుల్లబ్బాయి వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డాడు. “ఆయ్, ఏంటమ్మా ఇది! ఇంత దూరం పరిగెత్తుకొచ్చేసేరా? కేకేస్తే మేవే ఆగేవోళ్ళం కదండి!”

వీరవేణికి నవ్వు ఆగితేగా మాట వచ్చేది! సంచి ఆయన ఒళ్ళో పడేసి, చేతులు జోడించి, రోడ్డు పక్కన పళ్ళబండి పట్టుకుని నవ్వింది. ఆవిణ్ణి చూసి ముసలాయన భార్య కూడా నవ్వేసింది. తిరిగి వచ్చేటప్పుడు బజారంతా ఆవిణ్ణే చూస్తోందని తెలిసినా, తల దించుకోవాలనిపించలేదు.

మర్నాడు మంచం దిగబోతే మడమలో మేకు బదులు పలుగు దిగింది. వంటింటికి గోడ పట్టుకుని కాదు, చేతుల మీద పాకుతూ వెళ్ళింది.

“నలుగురిలో గంతులేస్తే అంతే మరి” అంది పాపాయమ్మ ఇటుక పొయ్యి మీద పెడుతూ.

“అత్తయ్యగారూ, మళ్ళీ పరిగెత్తాలనుందండి.”

పాపాయమ్మ కోడలి నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

సత్యప్రసాద్ దానవాయిపేటలో ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ ఆశాజ్యోతి దగ్గర పేరు రాయించాడు. తోడుగా పాపాయమ్మ కూడా వెళ్ళింది. ఆశాజ్యోతి వీరవేణి పాదాలు తడిపించి పొడి గచ్చు మీద నిలబడమంది. పక్కకు జరిగి చూస్తే రెండు నిండు పాదాల అచ్చులు, అప్పడాల్లా.

“చూశారా అండి? మధ్యలో వంపు ఉండాల్సిన చోట కూడా అచ్చు పడిపోయింది. మీరు కూర్చుంటే వంపు ఉంటోంది, నిలబడగానే కుంగిపోతోంది. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాల్లో ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీ రోజంతా లాగుడు పడీ పడీ వాచింది. ఎక్కడ నిలబడతారు మీరు?”

“కొట్లోనండి. గ్రానైటు మీద.”

“ఏం వేసుకుని?”

వీరవేణి అత్తగారి వైపు చూసింది. పాపాయమ్మ కప్పు వైపు చూసింది.

ఆశాజ్యోతికి అర్థమైంది. “వట్టి కాళ్ళతో ఆ రాయి మీద నిలబడితే ఏ మందూ పనిచెయ్యదండి. బూట్లు వేసుకోవాలి. లోపల పాదం కింద పరిచే మెత్త ఉంటుంది, ఇన్‌సోల్ అంటాం. వంపుకు ఆసరా ఇచ్చేది కొనుక్కోండి. మెత్తగా ఉందని మోసపోవద్దు. మెత్తనిది కాసేపు సుఖంగా ఉంటుంది, తర్వాత అణిగిపోతుంది. మడమ కూర్చునే చోట లోతుగా గిన్నెలా ఉండాలి, వంపు దగ్గర బొటనవేలితో నొక్కితే చటుక్కున లోపలికి పోకూడదు. రెండు చేతులతో పట్టుకుని వంచితే వేళ్ళ దగ్గర వంగాలి, మధ్యలో కాదు. సాయంత్రం పూట వెళ్ళి కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.”

“అది వేసుకుని పరిగెత్తొచ్చా అండి?” అంది వీరవేణి.

ఆశాజ్యోతి కలం ఆపి, బొట్టూ గాజులూ జరీ అంచు చీరా ఉన్న ఈ మనిషిని తేరిపార చూసింది. తర్వాత ఆవిడ మొహం కూడా వెలిగింది. “పరిగెత్తొచ్చండి! ముందు పిక్కలకు వ్యాయామం చెబుతాను, నొప్పి తగ్గనివ్వండి. తర్వాత కాస్త నడక, కాస్త పరుగు. ఒక్కసారిగా ఆటోల వెంట పడకండి.”

ఇంటికి వచ్చాక పాపాయమ్మ, “నేను నిలబడలేదా ఇన్నేళ్ళు? మీ మామగారు నిలబడలేదా? లక్ష్మీదేవి ముందు బూట్లేసుకుని తిరుగుతావటే?” అంది. సత్యప్రసాద్ ఎప్పటిలాగే ముహూర్తం కోసం చూస్తున్నాడు.

మర్నాడు పాపాయమ్మ పంతంగా కొట్టుకు వచ్చి, కోడల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తను వట్టి కాళ్ళతో బేరానికి నిలబడింది. తమ రోజుల్లో కొట్లో పరుపులు వేసుకుని కూర్చుని అమ్మేవారని, కింద గోనెపట్టాలు ఉండేవని ఆవిడకు గుర్తు లేదు. మొదట్లో బాగానే గడిచింది. ఒక కేరేజీ అమ్మింది, ఒక పళ్ళెం అమ్మింది. మధ్యాహ్నానికి ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది. ఆ తర్వాత రెండో కాలి మీద. కొంగలా అలా మారుస్తూ మారుస్తూ, సాయంత్రానికి ఒక బిందె బోర్లించి దాని మీద కూలబడిపోయింది.

“అది రాయి కాదే వేణీ, రాక్షసి! దీని మీద రోజూ నిలబడుతున్నావా తల్లీ? నోరు లేదటే నీకు?”

వీరవేణిని పట్టుకుని నోరు లేదన్నవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేనందుకు కాబోలు, గల్లాపెట్టె వెనక సత్యప్రసాద్ ఫక్కున నవ్వాడు. ఆయన నవ్వడం చూసి ఇద్దరాడవాళ్ళూ ఆయన్ని చూసి నవ్వారు.

అప్పటికప్పుడు పాపాయమ్మ కొత్త కట్టడి చేసింది. కొట్లో వేసుకునే బూట్లు వేరు. వాటికి వీధి మట్టి అంటకూడదు. పెట్టెలోంచి తీసి నేరుగా కొట్లోనే తొడుక్కోవాలి, కొట్లోనే విడవాలి. అలాగైతే అవి చెప్పుల కింద లెక్క కాదు, కాళ్ళకు వేసుకునే తొడుగుల కింద లెక్క. లక్ష్మీదేవికి తను సర్దిచెబుతుంది.

కొట్టు పెందలాడే కట్టేసి ముగ్గురూ బూట్ల షాపుకు బయల్దేరారు. షాపు సుకుమార్ అనే ఆయనది. వీరవేణి ముందు రెండు జతల బూట్లు ఎంచుకుంది, కొట్టుకు ఒకటి, పరుగుకు ఒకటి. వేళ్ళు ఆడేంత చోటున్నవి. తర్వాత సుకుమార్ బూట్లలో ఉన్న పల్చటి మెత్తలు తీసేసి, కొత్త ఇన్‌సోళ్ళు తెచ్చి గుట్టగా పోశాడు.

మొదటిది నీలంగా, నీళ్ళు నింపినట్టు తళతళలాడుతోంది. పాపాయమ్మ వేలితో పొడిచి చూసింది. “తాటిముంజెలా ఉందేంటయ్యా ఇది!” వీరవేణి వేసుకుని నాలుగడుగులు వేసి, “అత్తయ్యగారూ, గోదారి మీద పడవలో నిలబడ్డట్టుందండి” అని చేతులు చాపి ఊగింది. అది పక్కకు పోయింది. రెండోది జ్ఞాపకం ఉన్న మెత్త అన్నాడు సుకుమార్, నొక్కితే చేతి గుర్తు నెమ్మదిగా మాయమవుతోంది. పాపాయమ్మకు ఆ తమాషా తెగ నచ్చి, మళ్ళీ మళ్ళీ నొక్కి, “దీనికి మర్చిపోవడానికి చాలాసేపు పడుతోందే” అంది. అది కూడా వంపు దగ్గర అణిగిపోయింది. మూడోది గట్టి ప్లాస్టిక్కు, గులకరాయి మీద కాలు వేసినట్టుంది. నాలుగోది మడమ దగ్గర చిన్న గిన్నెలా లోతుగా ఉంది.

గిన్నె సంగతి వీరవేణికి ఒకరు చెప్పాలా! తలకిందులు చేసి చూసింది. బొటనవేలితో నొక్కింది. రెండు చేతులతో వంచింది. అలవాటు కొద్దీ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నది కూడా.

“మోగదండి అది” అన్నాడు సుకుమార్.

“తెలుసండి. ఊరికే.”

వేసుకుని లేచి నిలబడింది. పాదం కింద ఎవరో అరచెయ్యి పెట్టి పట్టుకున్నట్టుంది. మడమ కుదురుగా కూర్చుంది. షాపు ఆ చివర్నుంచి ఈ చివరి దాకా నడిచింది. ఇంకోసారి నడిచింది. మూడోసారి నడక కాస్తా ఎగిరెగిరి పడే అడుగులైంది. పిల్లల సెక్షను చుట్టూ తిరిగి, స్కూలు బూట్ల కోసం వచ్చిన ఒక తల్లీ కూతుళ్ళ మధ్యలోంచి “తప్పుకోండమ్మా” అంటూ దూసుకొచ్చింది.

ఈ సందట్లో పాపాయమ్మను ఎవరూ చూడలేదు. ఆవిడ నేల మీద ఇంకో జత మెత్తలు పరుచుకుని, చీర కాస్త ఎత్తి పట్టుకుని, వాటి మీద నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది.

“అమ్మా, వెళ్దామా?” అన్నాడు సత్యప్రసాద్.

“మీరెళ్ళండిరా. నేను తర్వాత వస్తాను.”

ఆవిడకు కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులు, లోపల అలాంటి ఆసరా ఉన్నవి కొనక తప్పలేదు.

శుక్రవారం నాడు కొట్టు బూట్లకు పాపాయమ్మ పసుపు రాసింది. తెల్ల బూట్లు కాస్తా చామంతి పువ్వుల్లా అయ్యాయి. కుంకం బొట్లు పెట్టి, హారతి ఇచ్చి, “ఇంక తొడుక్కోవే” అంది. వీరవేణి పట్టుచీర కింద పసుపు బూట్లతో గ్రానైటు మీద కాలు పెట్టింది. ఆ రోజంతా వచ్చినవాళ్ళు గిన్నెలు చూడటం మానేసి ఆవిడ కాళ్ళే చూశారు. అడిగినవాళ్ళందరికీ ఆవిడ బూటు విప్పి, మెత్త బయటకు తీసి, మడమ గిన్నె చూపించి, తిరిగి వేసుకునేది. బిందెలు అమ్మే ఊపులో ఇన్‌సోల్ గుణగణాలు వర్ణిస్తుంటే, “వేణీ, అది మన సరుకు కాదు” అని సత్యప్రసాద్ గుర్తు చేయాల్సి వచ్చేది.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. మొదట్లో కొత్త ఆసరాకు వంపు దగ్గర కొంచెం సలిపింది కూడా. ఆశాజ్యోతి చెప్పినట్టు కాసేపు వేసుకుని, కాసేపు స్టూలు మీద కూర్చుని, రోజు రోజుకూ అలవాటు చేసుకుంది. గోడకు చేతులు ఆన్చి పిక్కలు సాగదీసేది. నీళ్ళసీసా ఫ్రిజ్జులో గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించేది. వానలు పడే వేళకు ఒక పొద్దున మంచం దిగి, వంటింట్లోకి వెళ్ళి, పాలు పొయ్యి మీద పెట్టాక గాని ఆవిడకు తెలియలేదు, మేకు లేదని. ఆ ఉత్సాహంలో పాలు పొంగిపోయాయి. పొంగనిమ్మంది.

అప్పటి నుంచి తెల్లవారుజామున గోదారి గట్టు మీద నడక. ఆ తర్వాత ఈ కరెంటు స్తంభం నుంచి ఆ కరెంటు స్తంభం దాకా పరుగు, మళ్ళీ నడక. పంజాబీ డ్రెస్సు, తలకు కట్టిన రుమాలు, చేతులకు ఒక్కో గాజు. సత్యప్రసాద్ స్కూటరు మీద పక్కనే మెల్లగా వచ్చేవాడు, మంచినీళ్ళు పట్టుకుని. ఒకరోజు స్కూటరు ఆపి తనూ స్తంభం దాకా పరిగెత్తి, ఒగురుస్తూ స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. “ఎలా ఉందండీ?” అంది. “బాగుంది” అన్నాడు. ఆయన దగ్గర్నుంచి అది పెద్ద ఉపన్యాసమే.

చలికాలం మొదట్లో ఊళ్ళో కుర్రకారు ఒక ఆదివారం అయిదు కిలోమీటర్ల పరుగు పెట్టారు. గట్టు వెంట వెళ్ళి ధవళేశ్వరం బ్యారేజీకి ఇవతల ముగుస్తుంది. వీరవేణి పేరు ఇచ్చింది. ఛాతీ మీద నంబరు కాగితం అతికించుకుంటుంటే నవ్వొచ్చింది, పెళ్ళిపీటల మీద కూడా ఇంత హడావిడిగా లేదనుకుంది.

ఈల వేయగానే కుర్రాళ్ళు లేళ్ళలా పోయారు. వీరవేణి తన పాటికి తను బయల్దేరింది. పొగమంచులో గోదారి కనబడటం లేదు, వాసన మాత్రం వస్తోంది. తర్వాత ఎండ పొడిచింది. నీళ్ళన్నీ ఒక్కసారి, కొత్తగా తోమిన స్టీలులా, ధగధగమన్నాయి. తన పక్క నుంచి కాలేజీ పిల్లలు “కమాన్ ఆంటీ!” అంటూ దాటిపోయారు. కొంతదూరం వెళ్ళాక ఆ పిల్లల్లో ఇద్దరు నడుములు పట్టుకుని ఆగిపోయి కనిపించారు. “కమాన్ అమ్మాయిలూ!” అంటూ వీరవేణి వాళ్ళని దాటింది. దాటాక వచ్చిన సంతోషం పట్టలేక గట్టిగా కేక పెట్టింది. గట్టు కింద ఈత కొడుతున్న గేదెలు తలలెత్తి చూశాయి.

గమ్యం దగ్గర రంగు కాగితాల తోరణం, మైకులో పాటలు. సత్యప్రసాద్, పాపాయమ్మ అక్కడికి ముందే స్కూటరు మీద వచ్చి నిలబడ్డారు. చాలామంది అప్పటికే పరుగు ముగించి టిఫిన్లు తింటున్నారు. వీరవేణి తోరణం కిందికి వచ్చింది. మెడలో పతకం వేద్దామని ఒక అమ్మాయి ముందుకు వంగింది. వీరవేణి ఆ అమ్మాయి పక్క నుంచి సాగిపోయింది.

“మేడమ్, అయిపోయిందండీ! ఇక్కడితో ఆఖరు!”

వీరవేణికి వినబడింది. కాని కాళ్ళు ఆగడం లేదు. మడమ నొప్పి లేదు, ఊపిరి చక్కగా ఆడుతోంది, ఎదురుగా బ్యారేజీ తలుపుల లోంచి నీళ్ళు దూకుతున్న హోరు. ఆగడం దేనికో అర్థం కాలేదు.

“ఏమ్మా, ఆగండమ్మా!” అని మైకు కూడా అరిచింది.

సత్యప్రసాద్ ఆ పిల్ల చేతిలో పతకం లాక్కుని స్కూటరు స్టార్టు చేశాడు. పాపాయమ్మ వెనకెక్కి కొడుకు భుజం పట్టుకుంది. ఇద్దరూ ఆవిడ పక్కకు వచ్చేసరికి వీరవేణి మొహమంతా చెమట, మొహమంతా నవ్వు.

“వేణీ, పతకం! మెడలో వేసుకో!” అన్నాడాయన, ఒక చేత్తో దాన్ని ఊపుతూ.

“తర్వాతండీ! మీరు పక్కకి తప్పుకోండి!”

“స్కూటరు అడ్డం తియ్యరా దానికి” అని పాపాయమ్మ కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, గోదారి హోరులో కూడా వినబడేలా అరిచింది. “పదవే తల్లీ, పద!”